తావూన్, టీకా, ఏతెబార్: 1898లో బొంబాయి ముసల్మాన్లు

2021లో కొవిడ్ టీకా క్యాంపులు బస్తీల్లోకి వచ్చినప్పుడు మనలో చాలామంది ఒక మాట విన్నాం. "మీవాళ్లు సూది అంటే ముందుకు రారు కదా" అని. నవ్వుతూ అన్నవాళ్లున్నారు, చిరాగ్గా అన్నవాళ్లున్నారు. అంతకు ముందు ఏడాది మర్కజ్ పేరుతో టీవీల్లో మనల్ని ఎలా చూపించారో మీకు యాదే. 2020 ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి ఆ కేసులు కొన్ని కొట్టేస్తూ తబ్లీగీ జమాత్‌కు వచ్చిన విదేశీయులను బలిపశువుల్ని చేశారని చెప్పింది. కానీ తీర్పు చదివినవాళ్లెందరు, టీవీ చూసినవాళ్లెందరు? అలాంటి ఏడాది గడిచిన వెంటనే అదే హుకూమత్ మనుషులు వచ్చి జబ్బ చాపమంటే, కొందరు రెండడుగులు వెనక్కి వేశారు. దాన్ని జహాలత్ అని కొట్టిపారేయడం తేలిక.

ఈ "మీవాళ్లు" అనే మాట పాతది. దాని తారీఖ్ వెతుక్కుంటూ పోతే నేను బొంబాయి తావూన్ దగ్గర ఆగిపోయాను. తావూన్ అంటే ప్లేగు. 1896 సెప్టెంబర్‌లో బొంబాయి రేవు పక్కన మాండ్వీలో డాక్టర్ వియేగాస్ అనే గోవా క్రైస్తవ వైద్యుడు మొదటి రోగుల్ని గుర్తుపట్టాడు. జ్వరం, గజ్జల్లో చంకల్లో గడ్డలు, నాలుగైదు రోజుల్లో మౌత్. కొన్ని నెలల్లోనే శహర్ ఖాళీ అయింది. 8 లక్షల పైచిలుకు జనాభాలో దాదాపు సగం మంది 1897 తొలి నెలలకల్లా ఊరు విడిచి పోయారని లెక్క. మిల్లులు ఆగాయి, దుకాణాలకు తాళాలు పడ్డాయి. ఆ రైళ్లూ ఓడలూ ఎక్కినవాళ్లతో వబా కూడా ప్రయాణం చేసింది. తర్వాతి పాతికేళ్లలో హిందూస్తాన్‌లో కోటికి పైగా ప్రాణాలు తీసుకుంది.

బ్రిటిష్ హుకూమత్‌కు రెండు భయాలు. ఒకటి జనం చచ్చిపోతున్నారని. రెండోది, నా అంచనాలో మొదటిదానికంటే పెద్దది, తిజారత్ ఆగిపోతుందని. బొంబాయి నుంచి వచ్చే ఓడల్ని యూరప్ రేవులు ఆపేస్తామంటున్నాయి. 1897 ఫిబ్రవరి 4న ఎపిడెమిక్ డిసీజెస్ యాక్ట్ వచ్చింది. చాలా చిన్న ఖానూన్, నాలుగే సెక్షన్లు. వబాను ఆపడానికి అవసరమనిపించిన ఏ ఏర్పాటైనా చేసుకోవచ్చని ఒక సెక్షన్, ఈ ఖానూన్ కింద పనిచేసిన అధికారి మీద కేసు వేయడానికి లేదని ఇంకో సెక్షన్. 2020 మార్చిలో మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కొవిడ్ నిబంధనలు తెచ్చింది ఈ ఖానూన్ కిందనే. ముత్తాతల కాలం నాటి లాఠీ అలాగే అటక మీద ఉందన్నమాట.

ఈ ఖానూన్ బలంతో బొంబాయిలో బ్రిగేడియర్ జనరల్ గాటాక్రె అధ్యక్షుడిగా ప్లేగు కమిటీ ఏర్పడింది. జబ్బుకు ఇలాజ్ చేసే పని ఫౌజీ దొరకు ఇచ్చారు! తనిఖీ జట్లు ఇంటింటికీ పోయాయి. వెలుతురు రావాలని పైకప్పు పెంకులు ఊడదీశారు, నేల తవ్వారు, బట్టలూ పరుపులూ తగలబెట్టారు. కొన్ని ఇళ్ల మీద మనుషులు ఉండటానికి పనికిరాదనే గుర్తు వేశారు. జ్వరంతో పడుకున్నవాళ్లను ఆసుపత్రికి, ఇంట్లో మిగిలినవాళ్లను క్యాంపుకు తీసుకుపోయారు. రైల్వే స్టేషన్లలో ప్రయాణికుల్ని నిలబెట్టి చంకలూ గజ్జలూ చూశారు, ఆడవాళ్లను కూడా. చనిపోయినవాళ్ల మయ్యత్‌ను డాక్టరు చూసి చీటీ ఇచ్చేదాకా దఫన్ చేయడానికి వీల్లేదన్నారు. గుసుల్ ఇచ్చి, కఫన్ కట్టి, జనాజా లేపడానికి సిద్ధంగా ఉన్న ఇంట్లో పరాయి మగవాడు వచ్చి తల్లి శరీరం మీద గుడ్డ తొలగించి చూస్తానంటే ఆ ఇంటి కొడుక్కి ఎలా ఉంటుంది?

వీటిలో చాలా పనులు తావూన్‌ను ఆపలేకపోయాయి కూడా. ఎలుకల మీది గోమార్లు మనుషుల్ని కుట్టి ఈ జబ్బు అంటిస్తాయని పాల్ లూయి సీమోఁ అనే ఫ్రెంచి డాక్టర్ చెప్పింది 1898లో. అది అందరూ ఒప్పుకోవడానికి ఇంకా కొన్నేళ్లు పట్టింది. అంటే హుకూమత్ వెతకాల్సింది ఎలుకల్ని, వెతికింది మనుషుల్ని. గరీబు ఇళ్లలోని గందగీయే జబ్బు అనుకున్నారు, గరీబుల్నే జబ్బు అనుకున్నారు.

1897లోనే హజ్ కూడా ఆగింది. బొంబాయి అంటే ఆ రోజుల్లో హాజీల దర్వాజా. బుఖారా నుంచి, బెంగాల్ నుంచి, మన దక్కన్ నుంచి జిందగీ అంతా కూడబెట్టుకున్న పైసలతో ముసలివాళ్లు అక్కడికే చేరి ఓడ ఎక్కేవాళ్లు. ఆ ఏడాది హుకూమత్ హిందూస్తాన్ నుంచి హజ్ ప్రయాణాన్ని నిలిపేసింది. వెనిస్‌లో యూరప్ దేశాల వైద్య సమావేశం ఇదే సమస్య మీద కూర్చుంది. వబా ఉన్న ఊరి నుంచి వేల మంది మక్కాకు పోతే ఏమవుతుందో ఊహించుకోవచ్చు కాబట్టి ఆ నిర్ణయం తప్పని నేను అనను. ప్రవక్త (స) మాట కూడా అటువైపే ఉంది. కానీ ఖౌమ్ పెద్దల్ని కూర్చోబెట్టి, ఉలమాతో మష్వరా చేసి, ఈ హదీస్ ఇదిగో అని వాళ్ల నోటితో చెప్పించడం ఒక పద్ధతి. మీ ఫర్జ్ ఈ ఏడాది బంద్ అని గెజిట్‌లో వేయడం ఇంకో పద్ధతి.

ఆ హదీస్ సంగతి ఇక్కడే చెప్పుకుందాం, ఎందుకంటే వబా రోజుల్లో అమీర్ ఎలా ఉండాలో దాంట్లో ఉంది. హిజ్రీ 18 ప్రాంతం. హజ్రత్ ఉమర్ (ర) షామ్ వైపు వెళ్తూ సర్గ్ అనే చోటికి చేరేసరికి అక్కడ తావూన్ ఉందని ఖబర్ వచ్చింది. ఆయన అమీరుల్ మోమినీన్, ఒక్క హుకుమ్‌తో పని అయిపోతుంది. కానీ ఆయన మొదట ముహాజిర్లను పిలిచి అడిగారు, తర్వాత అన్సార్లను, ఆ తర్వాత ఖురైష్ పెద్దల్ని. వాళ్లలో వాళ్లకు ఇఖ్తిలాఫ్ వచ్చినా విన్నారు. వెనక్కి పోదామని తేల్చుకున్నాక హజ్రత్ అబూ ఉబైదా (ర) ముఖం మీదే అడిగారు, అల్లాహ్ తఖ్దీర్ నుంచి పారిపోతారా అని. ఉమర్ (ర) కోప్పడలేదు. ఒక తఖ్దీర్ నుంచి ఇంకో తఖ్దీర్ వైపే పోతున్నామని, పచ్చిక ఉన్న లోయ గట్టు మీద మేపినా ఎండిన గట్టు మీద మేపినా రెండూ అల్లాహ్ తఖ్దీరే కదా అని ఒంటెల మిసాల్ ఇచ్చి నచ్చజెప్పారు. అప్పుడు హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (ర) వచ్చి, వబా ఉన్న చోటికి పోవద్దు, వబా వచ్చిన చోట ఉంటే అక్కడి నుంచి పారిపోవద్దు అని ప్రవక్త (స) చెప్పగా విన్నానని అన్నారు. ఇక అబూ ఉబైదా (ర) తన ఫౌజ్‌ను వదిలి రానని అమ్వాస్ తావూన్‌లోనే షహీద్ అయ్యారు. ఒక నాయకుడు అడిగి, విని, నచ్చజెప్పి నిర్ణయం తీసుకున్నాడు. ఇంకో నాయకుడు తన మనుషులతోనే ఉండిపోయాడు. గాటాక్రె గారి కమిటీలో ఈ రెండూ లేవు.

ఇక అఫ్వాల సంగతి. బొంబాయిలో అప్పుడు తిరిగిన అఫ్వాలు చదివితే ముందు నవ్వు వస్తుంది, కాసేపటికి నవ్వు పోతుంది. ఆసుపత్రికి తీసుకుపోయినవాళ్లను తలకిందులుగా వేలాడదీసి మోమియాయీ అనే తైలం తీస్తున్నారని ఒకటి. 1896 అక్టోబర్‌లో ఎవరో మహారాణి విక్టోరియా విగ్రహానికి తారు పూశారు. దానికి బద్లా తీర్చుకోవడానికి మనుషుల గుండెలు కోసి విలాయత్ పంపుతున్నారని ఇంకొకటి. అదే అక్టోబర్ చివర్లో దాదాపు వెయ్యి మంది మిల్లు కార్మికులు ఆర్థర్ రోడ్ ఆసుపత్రి మీద పడ్డారు. జనం కళ్లతో చూడండి. ఆసుపత్రికి నడిచి పోయినవాడు శవమై వస్తున్నాడు, లేదా శవం కూడా రావడం లేదు. లోపల ఏం జరుగుతుందో ఇంటివాళ్లను చూడనివ్వరు. జబ్బు ముదిరాక మాత్రమే, అదీ జబర్దస్తీగా, తీసుకుపోతారు కాబట్టి ఎక్కువమంది అక్కడే పోతారు. తలుపు మూసేసిన ఆ గదిని జనం తమకు తోచిన కహానీతో నింపుకున్నారు. అఫ్వా అబద్ధమే. దాని కింద ఉన్న షక్ మాత్రం ఊరికే పుట్టలేదు.

ఇదంతా ముసల్మాన్ల రోగం అనుకునేవాళ్లు పూణె వైపు చూడాలి. అక్కడ ప్లేగు అధికారి రాండ్. గోరా సిపాయిలు ఇళ్లల్లోకి, దేవుడి గదుల్లోకి జొరబడ్డారని ఊరంతా మండిపోయింది. 1897 జూన్ 22 రాత్రి, విక్టోరియా వజ్రోత్సవం నాడు, చాపేకర్ సోదరులు రాండ్‌ను కాల్చారు. చాపేకర్లు చిత్‌పావన్ బ్రాహ్మలు. ఆ గొడవలోనే తిలక్ మీద రాజద్రోహం కేసు పెట్టారు. ఆయనకు బెయిల్ ఇచ్చిన జడ్జి ఎవరో తెలుసా? జస్టిస్ బద్రుద్దీన్ తయ్యబ్జీ. మన బడి పుస్తకాల్లో ఈ ముక్క ఉండదు, పిల్లలకు మనమే చెప్పుకోవాలి. అదే పూణెలో ఆ ఏడాది మార్చి 10న సావిత్రీబాయి ఫూలే తావూన్ రోగులకు ఖిద్మత్ చేస్తూ తానూ ఆ జబ్బుతోనే పోయారు. సిపాయి వస్తే తలుపు మూసుకున్న గరీబులు ఆమె వస్తే మూసుకోలేదు.

ఇప్పుడు అసలు సంగతి, 1898. బొంబాయి మదన్‌పురాలో జులాహాలు ఉండేవాళ్లు. యూపీ నుంచి వలస వచ్చిన నేతగాళ్లు, మోమిన్ అన్సారీలు. ఇంగ్లిష్ మిల్లు బట్ట దెబ్బకు సొంత ఊళ్లల్లో మగ్గాలు కూలి వచ్చినవాళ్లే ఎక్కువ. ఒక గది, అందులో మగ్గం, ఆ పక్కనే సంసారం. మార్చి 9న ఒక తనిఖీ జట్టు అక్కడ జ్వరంతో ఉన్న 12 ఏళ్ల అమ్మాయిని పరీక్ష చేస్తామంది. ఇంటివాళ్లు కుదరదన్నారు. మొహల్లా అంతా బయటికి వచ్చింది. రాళ్లు పడ్డాయి, పోలీసులు వచ్చారు, కాల్పులు జరిగాయి. తర్వాత ఆ గొడవ శహర్‌లో చాలా చోట్లకు పాకింది. గోరాల మీద దాడులు జరిగాయి, ఇద్దరు సిపాయిల్ని చంపేశారు, అటువైపు ఇటువైపు ప్రాణాలు పోయాయి. పాపం ఆ సిపాయిలు ఆ అమ్మాయి ఇంటి గడప కూడా తొక్కి ఉండరు. జుల్మ్‌కు జవాబుగా జుల్మ్ చేయడాన్ని మన దీన్ ఒప్పుకోదు, నేనూ దాన్ని వెనకేసుకు రాను. ఆ రోజు తర్వాత "మహమ్మదీయులు మొండివాళ్లు, చదువు లేదు, వైద్యం అంటే వ్యతిరేకం" అనే మాట బలంగా నిలబడిపోయింది. 2021లో మనం విన్నది దాని ముని మనవడే.

కానీ అదే బొంబాయిలో, అదే 1898 మొదటి ఆరు నెలల్లో, ఇంకో వేల మంది ముసల్మాన్లు తమంతట తామే వరస కట్టి తావూన్ టీకా వేయించుకున్నారు. హుకూమత్ సిపాయి ఒక్కడు కూడా వాళ్ల తలుపు కొట్టలేదు. వాళ్లు ఖోజాలు.

ఆ టీకా తయారుచేసినవాడు వాల్డెమార్ హాఫ్‌కిన్. రష్యా ఏలుబడిలోని ఒడెస్సాలో పుట్టిన యహూదీ, పారిస్‌లో పాశ్చర్ సంస్థలో పనిచేసినవాడు. అప్పటికే బెంగాల్‌లో కలరాకు టీకా వేసిన అనుభవం ఉంది. 1896 అక్టోబర్‌లో బొంబాయి వచ్చి గ్రాంట్ మెడికల్ కాలేజీలో చిన్న జాగాలో పని మొదలుపెట్టాడు. 1897 జనవరి 10న తయారైన మందు మొదట తన ఒంట్లోకే ఎక్కించుకున్నాడు. జ్వరం వచ్చింది, తట్టుకున్నాడు. ఆ తర్వాత బైకల్లా జైల్లో ఒప్పుకున్న ఖైదీలకు వేశాడు. వేయించుకున్నవాళ్లు నూటికి నూరు పాళ్లు తప్పించుకుంటారని చెప్పలేదు, జబ్బు వచ్చే అవకాశం, చనిపోయే అవకాశం బాగా తగ్గుతాయన్నాడు. లోపం ఉన్న మందు, కానీ ఏ మందూ లేని రోజులు. ఇంకో సంగతి మీకు నచ్చుతుంది. క్రిములను పెంచే రసానికి ఆయన గొడ్డు మాంసం, పంది మాంసం వాడలేదు, మేక మాంసం వాడాడు. హిందువులూ ముసల్మాన్లూ ఏమంటారోనని ఎవరూ అడగకముందే ఆలోచించాడు. 2020 చివర్లో కొవిడ్ టీకాలో పంది జెలటిన్ ఉందా, హలాలేనా అని వాట్సాప్‌లో జరిగిన బహెస్ గుర్తుందా? హాఫ్‌కిన్ ఆ బహెస్‌కు దాదాపు 125 ఏళ్ల ముందే జాగా లేకుండా చేశాడు. ఆయనను ఒక యహూదీ అని, గోరా అని దూరం పెట్టినవాళ్లు మనలోనూ ఉండే ఉంటారు. గోరా సైనిక డాక్టర్లు కూడా ఆయన్ను తమవాడిగా చూడలేదు.

ఖోజాల ఇమామ్ సుల్తాన్ ముహమ్మద్ షా, మూడో ఆగా ఖాన్. 1877లో పుట్టాడు, ఏడేళ్లకే తండ్రి గద్దె ఎక్కాడు, తావూన్ వచ్చేనాటికి ఇరవై ఏళ్లు కూడా నిండని కుర్రాడు. ఆయన మస్లక్ మనలో ఎక్కువమందిది కాదు, ఆ బహెస్ ఇక్కడ వద్దు. తన జమాత్‌లో జనం రోజూ చనిపోతుంటే ఆయన చేసిన పని చూడండి. పాశ్చర్ పేరు తెలిసినవాడు కాబట్టి హాఫ్‌కిన్‌ను పిలిపించి మాట్లాడాడు. తన ఇల్లు ఖుస్రూ లాడ్జ్‌ను ఆయన ప్రయోగశాలకు ఇచ్చాడు. మురీదులు టీకాకు జంకుతుంటే ఫర్మానా రాసి పంపి కూర్చోలేదు. అందరూ చూస్తుండగా తనే జబ్బ చాపాడు. ఒకసారి కాదు, పలుమార్లు. ఆ ఖబర్ వీలైనంత త్వరగా, వీలైనంత దూరం పాకేలా చూసుకున్నానని తర్వాత తన ఆత్మకథలో చెప్పుకున్నాడు. ఇమామ్ నిన్న వేయించుకున్నాడు, ఇవాళ బతికే ఉన్నాడు, మాట్లాడుతున్నాడు. జనానికి కావలసిన దలీల్ అదే. ఖోజాలు వేలల్లో వచ్చారు. హాఫ్‌కిన్ వేయించుకున్నవాళ్లనూ వేయించుకోనివాళ్లనూ పక్కపక్కన పెట్టి లెక్కలు తీశాడు. తావూన్ టీకా పనిచేస్తుందని లోకానికి చూపించిన మొదటి పెద్ద సాక్ష్యాల్లో ఒకటి బొంబాయి ముసల్మాన్ల జబ్బల మీద నుంచే వచ్చింది.

ఒకటే శహర్, ఒకటే మజ్హబ్, ఒకటే సాలు. ఒక మొహల్లా రాళ్లు విసిరింది, ఇంకో మొహల్లా వరస కట్టింది. మజ్హబే కారణమైతే ఇది ఎలా కుదురుతుంది?

ఖోజాలు తిజారత్ చేసుకునేవాళ్లు, పైసలున్నవాళ్లు, వాళ్లకు ఒక ఇమామ్, జమాత్‌ఖానా, చెబితే వినే కట్టుబాటు ఉన్నాయి కదా అని మీరు అడగొచ్చు. నిజం. జులాహాలకు అలాంటి సర్దార్ ఎవరూ లేరు. వాళ్ల తరఫున మాట్లాడటానికి బారిస్టర్లు లేరు, అంజుమన్‌లో కుర్చీ లేదు. అష్రాఫ్ పెద్దలు వాళ్ల గల్లీలోకి ఎప్పుడైనా వచ్చారా అన్నది వేరే సవాల్. హుకూమత్ వాళ్ల దగ్గరికి మందు తీసుకుని పోలేదు, తనిఖీ తీసుకుని పోయింది. కాబట్టి ఖోజాలు తెలివైనవాళ్లు, జులాహాలు జాహిల్లు అని చెబితే అది తారీఖ్ కాదు. ఒకరి దగ్గరికి తమవాడు వచ్చి ముందు తాను వేయించుకున్నాడు. ఇంకొకరి దగ్గరికి పరాయివాడు వచ్చి వాళ్ల బిడ్డను లాగాడు. జాత్ బిరాదరీల తేడా మన ఖౌమ్‌లో లేదని మనం చెప్పుకుంటాం. వబా రోజుల్లో ఆ తేడా కొట్టొచ్చినట్టు కనబడింది.

హుకూమత్‌కు ఇది ఆలస్యంగానైనా అర్థమైంది. పూణె తుపాకీ, మదన్‌పురా రాళ్లు చేసిన పని అర్జీలు చేయలేకపోయాయని చెప్పుకోవడం బాధగానే ఉంటుంది. 1898 నుంచి జబర్దస్తీ తగ్గింది. బిరాదరీల వారీగా సొంత ఆసుపత్రులు పెట్టుకోనిచ్చారు, తమ హకీమ్‌లనూ వైద్యులనూ రానిచ్చారు. టీకా ఇష్టమున్నవాళ్లకే అన్నారు. ప్లేగు మీద వేసిన కమిషన్ కూడా జనాన్ని కలుపుకోకుండా బలవంతం చేస్తే నష్టమే ఎక్కువన్న దారిలోనే మాట్లాడింది. హాఫ్‌కిన్ ప్రయోగశాల 1899 ఆగస్టులో పరేల్‌లోని పాత గవర్నర్ కోఠీకి మారింది.

ఇక్కడితో ఆపితే కథ సుఖాంతం. కానీ పంజాబ్‌లో ముల్కోవాల్ అనే ఊరు ఉంది. 1902 అక్టోబర్ 30న అక్కడ 107 మందికి టీకా వేశారు. వాళ్లలో ఒకే సీసా నుంచి వేయించుకున్న 19 మందికి ధనుర్వాతం వచ్చింది. 19 మందీ చనిపోయారు. నమ్మి జబ్బ చాపినవాళ్లు వాళ్లు. తప్పు పరేల్‌లో సీసా నింపినప్పుడు జరిగిందా, ఊళ్లో సీసా తెరిచినప్పుడు జరిగిందా? ఆ రోజు సీసా తెరిచేటప్పుడు కంపౌండరు చేతిలో చిమటా కింద పడిందని, దాన్ని సరిగ్గా శుభ్రం చేయకుండానే వాడాడని తేలింది. హుకూమత్ మాత్రం నింద హాఫ్‌కిన్ మీద వేసి పక్కన పెట్టింది. మలేరియా దోమ గుట్టు 1897లో మన సికింద్రాబాద్‌లో కనిపెట్టిన రొనాల్డ్ రాస్ ఆయన తరఫున గట్టిగా నిలబడ్డాడు. 1907లో గానీ హాఫ్‌కిన్ బేకసూర్ అని ఒప్పుకోలేదు. ఈలోగా పంజాబ్‌లో పెద్ద ఎత్తున మొదలుపెట్టిన టీకా పని కుప్పకూలింది. జనం భయపడ్డారు, హుకూమత్ అంతకంటే ఎక్కువ భయపడి చేతులు ముడుచుకుంది. ఆ 1907లోనే ఒక్క ఏడాదిలో హిందూస్తాన్‌లో తావూన్‌తో 10 లక్షల మందికి పైగా పోయారు, అందులో అందరికంటే ఎక్కువ దెబ్బ తిన్నది పంజాబే. తప్పు జరిగిన రోజే ఊరివాళ్ల ముందు నిలబడి, ఇదిగో ఇలా జరిగింది, ఇక ఇలా జరగకుండా ఇది చేస్తున్నాం అని చెప్పి ఉంటే ఎందరు బతికేవాళ్లో. ఏతెబార్ కట్టడానికి ఏళ్లు పడుతుంది, పోవడానికి ఒక సీసా చాలు.

హైదరాబాద్ రియాసత్‌కూ ఈ తావూన్ తప్పలేదు. 1908లో మూసీ తుఘ్యానీ, ఆ దుఃఖం ఆరకముందే 1911లో శహర్‌లో ప్లేగు. ఇరుకు మొహల్లాలను విప్పి వెడల్పు చేసే పని ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో మొదలవడానికి ఈ రెండూ కారణాలే. ఆ రోజుల నిశానీ ఒకటి మన నోళ్లల్లో ఇంకా ఉంది. నల్లకుంట ఫీవర్ ఆసుపత్రిని మన పెద్దవాళ్లు కోరంటి దవాఖానా అంటారు కదా, ఆ కోరంటి అంటే క్వారంటైనే. ఇంగ్లిష్ హుకుమ్‌గా వచ్చిన మాటను జనం అరగదీసి తమ మాట చేసుకున్నారు. పిల్లాడికి జ్వరం తగ్గకపోతే కోరంటికి తీసుకుపో అంటారు, జంకు లేకుండా.

మళ్లీ ఈ పరీక్ష మన ఖౌమ్‌కు పోలియో చుక్కలతో వచ్చింది. 2002లో దేశంలో 1,600 పోలియో కేసులు వచ్చాయి, ఎక్కువ భాగం యూపీలోనే, అందులోనూ ముసల్మాన్ల బిడ్డలే ఎక్కువ. చుక్కలు వేస్తే పిల్లలు పెద్దయ్యాక ఔలాద్ కలగదని అఫ్వా. మొరాదాబాద్ వైపు తలుపులు మూసుకున్నారు. మళ్లీ అదే మాట వినబడింది, జహాలత్ అని. కానీ ఆ తలుపుల వెనక ఉన్నవాళ్లు 1976 చూసినవాళ్లు, లేదా చూసినవాళ్ల పిల్లలు. ఎమర్జెన్సీలో తుర్క్‌మాన్ గేట్ దగ్గర, ముజఫర్‌నగర్‌లో, హరియాణాలోని ఉటావడ్ గ్రామంలో నస్‌బందీ పేరుతో జరిగింది వాళ్లకు కళ్ల ముందుంది. సర్కారు మనిషి మందు డబ్బాతో ఇంటికొస్తే వాళ్ల మనసు పాతికేళ్లు వెనక్కి పోయింది. మిగతా రోజుల్లో నల్లా, మోరీ, బడి అడిగితే రానివాళ్లు చుక్కలకు మాత్రం వారం వారం ఎందుకొస్తున్నారు అని అడిగారు కూడా. ఆ సవాల్‌లో నాకు జహాలత్ కనిపించదు.

ఈసారి మాత్రం ఎవరో 1898 పాఠం చదువుకున్నట్టు నడిచారు. అలీగఢ్, జామియా మిల్లియా, జామియా హమ్‌దర్ద్ లాంటి మన ఇదారాలను కలుపుకున్నారు. ఉలమా దగ్గరికి పోయి కూర్చున్నారు. మసీదు మైకుల్లో ఎలాన్ చేయించారు. ఇమామ్ సాబ్‌లు జనం ముందు పిల్లల నోట్లో చుక్కలు వేశారు. అన్నిటికంటే ముఖ్యం, అదే మొహల్లా ఆడవాళ్లకు ఆ పని ఇచ్చారు. బుర్ఖా వేసుకున్న పక్కింటి ఖాలా వచ్చి, నా మనవడికి వేయించాను, నీ బిడ్డను తీసుకురా అంటే తలుపు తెరుచుకుంది. మూసిన తలుపు దగ్గరికి ఆ ఖాలాలు మళ్లీ మళ్లీ పోయారు, తిట్లు తిన్నారు, కొన్నిసార్లు ముఖాన నీళ్లు కూడా పోయించుకున్నారు. మన అవార్డుల జాబితాల్లో వాళ్ల పేర్లు కనబడవు. దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరి 13న హౌరా జిల్లాలో నమోదైంది. 2014 మార్చి 27న హిందూస్తాన్‌ను పోలియో లేని దేశంగా ప్రకటించారు.

పరేల్‌లోని ఆ పాత గవర్నర్ కోఠీకి 1925లో హాఫ్‌కిన్ పేరే పెట్టారు. అక్కడి నుంచి పుట్టిన సర్కారీ కంపెనీ ఒకటి పోలియో చుక్కల మందు సీసాలు నింపుతుంది. ఆదివారం పొద్దున నీలం డబ్బా భుజాన వేసుకుని మన గల్లీకి వచ్చే ఆశా బహన్ చేతిలో వాటిలో ఒకటి ఉండి ఉండవచ్చు.